అచ్చు విరిగిన కబురు

నా చిన్నప్పుడు మా తాతయ్య నల్లకారు దారిలో కూలబడిందన్న కబురు ఇంటికి మొదట మోసుకొచ్చింది చేపలమ్మ. సముద్రం ఒడ్డు పాలెం నుంచి తలమీద గంపతో వచ్చి, ఇంటింటికీ చేపలు పోసి పోయే ఆమెను మా ఊళ్లో చిన్నా పెద్దా అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఆ రోజు ఆమె గంప దించకుండానే పంచలో స్తంభం పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని చెప్పిన మాట నాకు ఉన్నదున్నట్టు గుర్తుంది.

"అమ్మా, మీ పెద్దాయన బండికి అచ్చు విరిగిపోయినాదమ్మా. మలుపు కాడ కూలబడి ఉండాది. ఆయనకేం కాలేదు, నువ్వు గాబరా పడబాక."

అప్పుడు నేను అదే పంచలో పలక ముందేసుకుని అచ్చులు దిద్దుకుంటున్నాను. నాకు ఉబ్బసం ఉండేది. బడి వాగు అవతల, తడిసి వెళ్ళాలి, తడిసి రావాలి. అందుకని నా చదువంతా మా అమ్మమ్మ దగ్గరే, ఇంట్లోనే సాగింది. అ, ఆ, ఇ, ఈ గడగడా వచ్చేవి గానీ 'ఋ' దగ్గరికి వచ్చేసరికి ఆ కొమ్ములూ వంపులూ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో తెలిసేది కాదు. చేపలమ్మ మాట వినగానే నేను పలక ఎత్తి చూసుకుని, "ఏ అచ్చు విరిగింది అమ్మమ్మా, ఋనా?" అని అడిగానట. అడిగానట అంటున్నాను గానీ, నాకూ లీలగా గుర్తే.

అమ్మమ్మ సంగతి ఇంకోలా ఉంది. ఆమె వంటింటి వైపు తిరిగి, "నా అచ్చు విరగడమేందే, నిన్ననే తుడిచి నూనె రాసి గూట్లో పెట్టినాను గదా" అంది. క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు వండే ఇనుప అచ్చు ఆమెకు ప్రాణం. దాన్ని పిండిలో ముంచి, కాగే నూనెలో పెడితే పువ్వు విచ్చుకున్నట్టు విడిపోయేది. చుట్టుపక్కల ఎవరి ఇంట్లోనూ అలాంటిది లేదు.

చేపలమ్మ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, గంప కిందికి దించి నవ్వేసింది. "పలకా కాదు, పిండివంటా కాదమ్మా. వెనక చక్రాలకి మధ్యన అడ్డంగా ఉంటాది చూడు, దూలం మాదిరి. అది."

"ఇరుసా? ఆ మాట చెప్పొచ్చు గదే."

"మా ఇళ్లల్లో దాన్ని అచ్చనే గదమ్మా అంటాం."

పాలెంలో వాళ్ళు ఇంట్లో అరవం కలిపి మాట్లాడుకుంటారు. ఆ మాటల్లో ఇరుసుని అచ్చు అంటారని నాకు ఆ రోజే తెలిసింది. ఒకే మాట ముగ్గురి చెవుల్లో మూడు వస్తువులై పడింది. మేము నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. గోడ అవతల నుంచి పక్కింటి అక్క వింటోందని మాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆ కారు గురించి ఇక్కడ చెప్పాలి. గూడూరులో అభ్రకం వ్యాపారం చేసే ఒకాయన దగ్గర అది ముసలిదైపోయాక మా తాతయ్య చేతికి వచ్చింది. నల్లగా, గుండ్రటి వీపుతో, తాబేలు మాదిరి ఉండేది. తలుపు పక్కన చిన్న రెక్క ఒకటి, మలుపు తిరిగేటప్పుడు టక్కున పైకి లేచేది. ఆ రెక్క కోసమే మేము పిల్లలం కారు వెనక పరిగెత్తేవాళ్ళం. తాతయ్య దాన్ని షికారుకి వాడడం నేను చూడలేదు. సముద్రం పక్క ఊళ్ళకి ఆ రోజుల్లో బస్సు ఇష్టమైతే వచ్చేది, వాన పడితే రాదు. పాము కరిచినా, బిడ్డకి మూర్ఛ వచ్చినా, కాన్పు కష్టమైనా మా వాకిట్లోకి వచ్చేవాళ్ళు. తాతయ్య కండువా భుజాన వేసుకుని, కళ్ళు మూసుకుని ఒక్క మాట ప్రార్థన చేసి, తాళంచెవి తీసుకునేవాడు. ఆ కారు మాదే అయినా మాది అనిపించేది కాదు. మందిరంలో గంట మాదిరి, అది ఊరి అవసరానికి ఉన్న వస్తువు.

పక్కింటి అక్కకి తొలి కాన్పు ఎడ్లబండిలోనే అయింది. తాతయ్య కారు కొనక ముందు మాట అది. ఆసుపత్రికి చేరేలోపే బిడ్డ పోయింది. అక్క ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడేది కాదు. నాకు తల దువ్వి జడలు వేసేది, నేను తప్పు చదివితే గోడ అవతల నుంచే దిద్దేది. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఈసారి కాన్పు నెల్లూరు పెద్దాసుపత్రిలోనే జరగాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపించింది. ముందే వెళ్ళి ఉండడానికి నెల్లూరులో వాళ్ళకు అయినవాళ్ళు లేరు, ఇక్కడ అత్తగారు మంచాన ఉంది. "నీకు నొప్పులు మొదలయ్యే పొద్దుకి నా బండి నీ వాకిట్లో ఉంటాదమ్మా" అని తాతయ్య ఆమెకి మాటిచ్చాడు. ఆ మాట మీదే ఆ ఇల్లంతా నిబ్బరంగా ఉంది.

ఇప్పుడు బండి మలుపు దగ్గర కూలబడి ఉంది. పైగా తుఫాను నెలలు.

ఎడ్లను కట్టి కారుని ఇంటికి లాక్కొచ్చారు. తాటిదుంగల మీద వెనకభాగం ఎత్తి నిలబెట్టి, చక్రాలు ఊడదీసి, ఇరుసు కిందికి దించారు. లోపల కడ్డీ విరిగి, ఆ ముక్కలు పళ్ళ చక్రాల మధ్య పడి అన్నింటినీ నమిలేశాయి. ఒక ముక్క మారిస్తే సరిపోదు, ఇరుసు మొత్తం మార్చాల్సిందేనని తాతయ్య తేల్చాడు. సూళ్లూరుపేటలో ఆయనకు నమ్మకమైన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. పాత బండ్ల ఇరుసులూ ఇంజన్లూ దొడ్డినిండా పోగేసుకుని ఉంటాడు. ఆయన దగ్గరికి మా చిన్నమామను పంపించారు.

చిన్నమామ చురుకైనవాడు. చెప్పేది పూర్తిగా వినకముందే బయలుదేరే రకం. వెళ్ళినంత వేగంగా వచ్చాడు, ఉప్పు లారీ మీద ఒక ఇరుసు వేయించుకుని మరీ వచ్చాడు. "దొరికింది నాయనా, అచ్చు మనదే" అని వాకిట్లోంచే కేక వేశాడు. అక్క గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె మొహంలో ఆ కాసేపూ కనిపించిన వెలుగు నాకింకా కళ్ళముందు ఉంది.

అది మా కారు కిందికి వెళ్ళలేదు. బలమైన ఇరుసే, జీపుది. మా దానికన్నా లావు, వెడల్పు. చక్రాలు బిగిస్తే మడ్‌గార్డుల్లోంచి చెవుల మాదిరి బయటికి వస్తాయి. ఏం జరిగిందని తాతయ్య నెమ్మదిగా అడిగితే అప్పుడు సంగతి బయటపడింది. "మా కారుకి ఇరుసు కావాలి, అచ్చు అలాంటిదే కావాలి" అన్నాడట మామ. మేస్త్రీ ఇంటి భాష అరవం. ఆయన చెవికి అచ్చు ఒక్కటే ఆనింది. "అచ్చా? ఉండాది, తీసుకుపో" అన్నాడట. మామకి అప్పటికీ అనుమానమే. "అచ్చు అదేనా?" అని మళ్ళీ అడిగాడు. "అచ్చే, అచ్చే" అని మేస్త్రీ ప్రమాణం చేసినంత పనిచేశాడు. ఆయన ఇరుసే అని చెప్పాడు. మామ అచ్చంగా మనదే అని విన్నాడు. ఆ రోజుల్లో పాత కార్లకి జీపు ఇరుసులు కోసి అతికించుకునేవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు కాబట్టి మేస్త్రీ మనసులో వేరే ఆలోచన రాలేదు.

"అయితే మాత్రం ఏంది?" అన్నాడు మామ. "ఇది మనదానికన్నా గట్టిది. కోసి, వెల్డింగు పెట్టిద్దాం. ఏనుగు ఎక్కినా విరగదు."

"ఎక్కేది ఏనుగు కాదు గదరా" అన్నాడు తాతయ్య. కానీ ఆయన గొంతులో మునుపటి గట్టితనం లేదు. తూర్పున మబ్బు నల్లగా లేస్తోంది. మామ చెప్పినట్టు చేద్దామా అన్నట్టు ఆయన ఆ లావుపాటి ఇరుసు వైపే చూస్తున్నాడు. గోడ దగ్గర అక్క, "తాతయ్యా, నా కోసం మీరేం హైరానా పడబాకండి. దేవుడున్నాడు" అని మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మమ్మ పంచలోంచి లేచి వచ్చింది. మామని కోప్పడలేదు. "తప్పు ఎవురిదీ కాదు" అంది. "ఏం కావాలో చెప్పినాం గానీ ఏం విరిగిందో చూపించలేదు. చూపించకుండా అడిగితే వచ్చేది ఇట్టాగే ఉంటాది."

"అంత బరువుని మోసుకుపోయి చూపించమంటావా?" అన్నాడు మామ.

"బరువెందుకు? అచ్చుకి అచ్చు తీద్దాం."

మా మందిరంలో క్రిస్మస్‌కీ, చీకటి పడ్డాక జరిగే కూటాలకీ వెలిగించిన కొవ్వొత్తుల మొదళ్ళు అమ్మమ్మ పారెయ్యనిచ్చేది కాదు. ఒక డబ్బాలో దాచేది. ప్రార్థన చూసిన మైనం, ఏదో ఒక పనికి వస్తుందనేది. ఆ డబ్బా తెచ్చి, మైనమంతా చట్టిలో కరిగించింది. ఇంట్లో ఉన్న చిన్న పళ్ళెంలో పోసి, పాల మీద మీగడ కట్టినట్టు పైన గట్టిపడేదాకా ఆగింది. ఇంజన్ నుంచి వచ్చే పొడుగు కడ్డీ వెనక ఇరుసుతో కలిసేచోట గుండ్రటి బిళ్ళ ఒకటి ఉంటుంది. దానికి నాలుగు బెజ్జాలు, మధ్యలో ఒక అంచు. ఇరుసు ఏ బండిదో ఆ బిళ్ళే చెబుతుందని తాతయ్య అన్నాడు. దాన్ని గుడ్డతో తుడిచి, ఆముదం రాసి, పళ్ళేన్ని దానికి ఆనించి అదిమే పని నాకు ఇచ్చింది అమ్మమ్మ. ఎందుకంటే ఇరుసు ఇంకా కారు కిందే ఉంది, ఆ సందులోకి పెద్దవాళ్ళ చేతులు పట్టలేదు. వెచ్చటి మైనం నా అరచేతుల కింద మెత్తగా కదిలి, తర్వాత కదలడం మానేసింది. "ఇప్పుడు లాగబాక, దాన్ని నిదరపోనీ" అంది అమ్మమ్మ. అది చల్లారేదాకా నేను అలాగే కూర్చున్నాను. తీసి చూస్తే మైనంలో గుండ్రటి అంచు, బెజ్జాలున్న చోట నాలుగు బొడిపెలు. పలక మీద నేను ఎన్నిసార్లు దిద్దినా అంత చక్కటి అక్షరం రాలేదు.

ఇక ఇరుసు పొడవు కొలవాలి. తాతయ్య కండువాతో కొలవబోతుంటే, అప్పుడే చేపలు తెచ్చిన చేపలమ్మ నిలబడి చూసి, "కండువా సాగుతాది పెద్దాయనా. లాగినోడి బలాన్ని బట్టి నీ బండి పెరగతాది" అని, నడుములో దోపుకున్న వలతాడు తీసి ఇచ్చింది. అదే తాడుతో ఆమె చిరిగిన వలలు అల్లేది. దాంతో రెండు చివరలా, స్ప్రింగులు కూర్చునే చోటా ముడులు వేసుకున్నాం. తాడు మళ్ళీ తెచ్చిస్తామంటే, "ఆ బిడ్డ పుట్టినాక ఉయ్యాలకి కట్టుకోమని చెప్పమ్మా" అని అక్క ఇంటివైపు తల ఊపి వెళ్ళిపోయింది.

మర్నాడు తాతయ్య, అమ్మమ్మ, చిన్నమామ, నేను బస్సెక్కాం. మైనం పళ్ళెం ఎండకి కరగకుండా మరమరాల డబ్బాలో పెట్టి, తడిగుడ్డ చుట్టి, నా ఒళ్ళో ఉంచారు. చిట్టమూరు మీదుగా నాయుడుపేట వెళ్ళి, అక్కడ బస్సు మారి సూళ్లూరుపేట చేరాం. దారంతా నేను ఆ డబ్బాని గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాను. అంత దూరం ప్రయాణం నాకు అదే మొదటిసారి. కిటికీలోంచి ఏం చూశానంటే మాత్రం చెప్పలేను.

మేస్త్రీ లావుగా, మొహం నిండా నవ్వుతో ఉండేవాడు. డబ్బా మూత తీసి చూపిస్తే, "ఏంది పెద్దమ్మా, నాకోసం అల్వా చేసుకొచ్చినావా?" అన్నాడు.

"తిని చూడు మేస్త్రీ" అంది అమ్మమ్మ. "నువ్వు ఇచ్చిన అచ్చు మా ఇంట్లో ఎవురికీ అరగలేదు."

ఆయన మామ వైపు చూశాడు. మామ నేల వైపు చూశాడు. జరిగిందంతా చెప్పాక మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీ పిల్లోడు అచ్చు అడిగినాడు, నేను అచ్చు ఇచ్చినా. ఇప్పుడు అచ్చుకి అచ్చే తెచ్చినారు. ఇంక నేను తప్పించుకునేదానికి లేదు" అన్నాడు. అమ్మమ్మ అప్పుడు, ఈ బండి ఎవరి కోసం ఎదురుచూస్తోందో చెప్పింది. ఆయన నవ్వు ఆపి, చేతులు తుడుచుకుని లేచాడు.

ముందు ఒక ఇరుసు చూపించాడు. కొత్తగా నల్లరంగు వేసి, నిగనిగలాడుతోంది. మా కారు తర్వాత వచ్చిన అదే రకం కారుదట. వలతాడు పెట్టి చూస్తే ముడికి ముడి సరిపోయింది. మామ అప్పుడే సంబరంగా చేతులు రుద్దుకుంటున్నాడు. నేను డబ్బాలోంచి మైనం తీసి బిళ్ళకి ఆనించాను. ఒక బొడిపె బెజ్జంలోకి దిగింది. తక్కినవి పక్కకి పోయాయి. తిప్పి పెట్టాను. ఇంకో బొడిపె దిగింది, మళ్ళీ తక్కినవి దిగలేదు.

"కొత్త బెజ్జాలు వేయిస్తే సరిపోతాది గదా" అన్నాడు మామ.

"వేస్తా" అన్నాడు మేస్త్రీ. "పెళ్ళికి పోయొచ్చే బండికైతే రేపు పొద్దునకల్లా వేసిస్తా. నిండుచూలాలిని ఎక్కించుకుని వాగు దాటే బండికి మాత్రం నేను వేయను సామీ."

నేను మైనం మళ్ళీ డబ్బాలో పెట్టాను. మేస్త్రీ తల గోక్కుని, "ఒకటుంది గానీ, మీకు చూపించాలంటే సిగ్గుగా ఉండాది" అని మమ్మల్ని ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ గోడవారగా రెండు రాళ్ళ మీద ఒక ఇరుసు. దాని మీద వాళ్ళావిడ తడిబట్టలు ఆరేసింది. బట్టలు తీసేస్తే కింద అంతా తుప్పు, చెక్కులు చెక్కులుగా లేస్తోంది. మామ మొహం చూడాలి. "ఇదా? మనది విరిగినాక కూడా దీనికన్నా బాగుండాది" అన్నాడు.

తాడు పెట్టాం. ముడులు సరిపోయాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని మైనం ఆనించాను. ఏ శబ్దమూ కాలేదు. నాలుగు బొడిపెలూ నాలుగు బెజ్జాల్లోకి, అంచు అంచులోకి, నిద్రపోయే బిడ్డ దిండులో తల పెట్టుకున్నట్టు దిగిపోయాయి. నేను చెయ్యి తీసేసినా పళ్ళెం పడిపోలేదు. అలాగే అంటుకుని నిలబడింది.

తాతయ్యకి ఇంకా ధైర్యం చాలలేదు. సరిపోవడం వేరు, పనిచెయ్యడం వేరు కదా. మేస్త్రీ వెనక మూత విప్పాడు. లోపల నూనె తేనె రంగులో నిలబడి ఉంది. పళ్ళ చక్రాలు దానిలో మునిగి, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి. తాతయ్య ఇరుసుకి చెవి ఆనించి, ఒక పక్క చేత్తో తిప్పించాడు. ఎంతసేపు విన్నాడో. లేచి, మోకాలి దుమ్ము దులుపుకుని, "లోపల గరుకు లేదు. ఇది మనదే" అన్నాడు. అమ్మమ్మ ఎవరికీ వినిపించకుండా స్తోత్రం చెప్పుకుంది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది.

ఇరుసు బిగించేదానికి మేస్త్రీ తానే మా ఊరు వచ్చాడు. కారు దుంగల మీంచి దిగి, మళ్ళీ నాలుగు కాళ్ళ మీద నిలబడింది. తర్వాత వానలు మొదలయ్యాయి.

అక్కకి నొప్పులు ఒక ఆదివారం, ఆరాధన ముగిసి అందరం ఇంటికి చేరిన కాసేపటికి మొదలయ్యాయి. మాటిచ్చినట్టే కారు ఆ వాకిట్లో నిలబడింది. అమ్మమ్మ అక్క నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. చిన్నమామ ముందు, అక్క పెనిమిటి వెనక ఆమె పక్కన కూర్చున్నారు. తాతయ్య రెక్క టక్కున లేపి మలుపు తిరిగాడు. వానలో ఆ రెక్క కనిపించినంతసేపు నేను చూస్తూ నిలబడ్డాను.

నెల్లూరు వెళ్ళాలంటే కోట అనే ఊరికి పోయే దారిలో, వాగుకి అడ్డంగా నేలమట్టానికి కట్టిన చప్టా దాటాలి. అది మునిగిందన్న సంగతి కారు వెళ్ళాక మాకు తెలిసింది. అమ్మమ్మ పంచలో కూర్చుని బైబిలు ఒళ్ళో పెట్టుకుంది గానీ పేజీ తిప్పలేదు. నేను పలక పట్టుకున్నాను గానీ ఏమీ రాయలేదు. గోడ అవతల మంచంలోంచి అక్క అత్తగారు, "ఏమన్నా తెలిసిందా?" అని అడుగుతూనే ఉంది.

సాయంత్రం వెలుగు ఇంకా ఉండగా వాకిట్లోకి చేపలమ్మ వచ్చింది. తలమీద గంప లేదు. నడుము దాకా తడిసి, చీర కాళ్ళకి చుట్టుకుపోయి, చేతిలో పడవ తోసే గడకర్ర ఉంది. స్తంభం పట్టుకుని ఊపిరి కూడదీసుకుంది.

"దాటిపోయినారమ్మా" అంది. "అచ్చు విరగలేదు."

జరిగింది తాతయ్య వచ్చాక చెప్పాడు. చప్టా మీద నీళ్ళు పారుతున్నాయి, అంచు ఎక్కడో తెలియడం లేదు. ఇవతల ఆగిపోయిన జనంలో చేపలమ్మ ఉంది. కారులో ఎవరున్నారో చూసి, ఒకరి చేతిలోని గడకర్ర లాక్కుని, గంప గట్టు మీద వదిలేసి నీళ్ళలోకి దిగిందట. కర్రతో ఒక అంచు, కాలితో ఇంకో అంచు తడుముకుంటూ, వెనక్కి చూడకుండా చెయ్యి ఊపుతూ ముందు నడిచింది. ఆమె వీపు చూసుకుంటూ తాతయ్య బండి నడిపాడు. నడుమ ఒక గుంటలో వెనక చక్రం దబ్బున పడి, కారు మొత్తాన్ని ఒక్క కుదుపు కుదిపిందట. "ఆ కుదుపుకి వేరే ఇరుసైతే" అని తాతయ్య అక్కడ ఆగేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట అక్కడే ఆపేవాడు. అవతల గట్టు ఎక్కించాక ఆమె అప్పటికి నడుందాకా లేచిన అదే నీళ్ళలో మళ్ళీ వెనక్కి దాటి, తన గంపని కూడా చూసుకోకుండా, మేము ఎదురుచూస్తుంటామని నేరుగా మా ఇంటికి నడిచి వచ్చింది.

అక్కకి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరారు. ఉయ్యాల కొసన వలతాడు కట్టారు, మేము వేసిన ముడులతో సహా. ఆ పిల్ల ఈ రోజు మనవలను ఎత్తుకుంటోంది. క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు వండితే నాకు డబ్బా పంపించకుండా ఉండదు. అమ్మమ్మ అచ్చు ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మామ ఇంటి కొట్టంలో ఇన్నేళ్ళూ తాటాకుల కింద పడి ఉన్న ఆ నల్లకారుని మా మనవడు తెచ్చుకుని బాగుచేయిస్తున్నాడు. ఇప్పుడు వాటిని క్లాసిక్ కార్లు అంటారట. మేస్త్రీ పెట్టిన ఇరుసుకి కూడా కాలం తీరింది. దాని స్థానంలో ఏది వెయ్యాలని వాడు ఊళ్ళూ దేశాలూ వెతికి, మొన్న ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. "అచ్చు ఇదే అమ్మమ్మా" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. వాడు పాపం కంగుతిన్నాడు. అప్పుడు కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. మర్నాడు వాడు కొవ్వొత్తులు కొనుక్కుని వచ్చాడు. పాతవాటి మొదళ్ళు నా డబ్బాలో ఉన్నాయని చెప్పి, అవి ఇచ్చాను. కారు పక్కన ఇద్దరం కూర్చుని అచ్చు తీశాం. ఫోనులో బొమ్మకి అది సరిపోలేదు. వాడు ఇంకా వెతుకుతున్నాడు. తొందరేం లేదన్నాను, ఈసారి ఎవరూ నొప్పులు పడడం లేదు కదా.

బడికి వెళ్ళని నాకు ఆ రోజుల్లో అందిన చదువు ఇంతే. నా జీవితంలో విరిగినవి చాలా ఉన్నాయి. అందరికీ ఉంటాయి. అలాంటప్పుడు మోకరించగానే నాకు ఇది కావాలి, అది కావాలి అని నోటికి వచ్చేస్తుంది. అప్పుడు నా అరచేతుల కింద ఆ వెచ్చటి మైనం గుర్తొస్తుంది. అడగడం ఆపి, విరిగిన చోటుని ముందు దేవుడికి చూపిస్తాను. తుడిచి, దాచకుండా, ఉన్నదున్నట్టు. ఆ తర్వాత చాలాసార్లు నేను అడగాలనుకున్నది అడగను. ఆయన ఇచ్చేది ఒక్కోసారి తుప్పు పట్టినట్టు కనిపిస్తుంది. అప్పుడు తాతయ్య మాదిరి చెవి ఆనించి వింటాను. ఇన్నేళ్ళలో సరిపోని దాన్ని ఆయన నాకు ఇవ్వలేదు. దానికి నా స్తోత్రం ఎప్పటికీ తీరదు.

అమ్మమ్మని, తాతయ్యని తలుచుకునేదానికి మేమంతా ఉన్నాం. మేస్త్రీ సంతతి కూడా సూళ్లూరుపేటలో చల్లగా ఉంది. చేపలమ్మకి పిల్లలు లేరు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది, పాలెంలో ఆమె ఇల్లు ఉన్న చోట ఇప్పుడు ఇసుకే. చెడ్డకబురు మోసుకొచ్చిన నోటితోనే మంచికబురు కూడా మోసుకురావాలని, పొంగే నీళ్ళని రెండుసార్లు దాటిన మనిషి ఆమె. ఇది చదివిన మీరు ఏ దేవుడికి మొక్కినా సరే, ఈ పూట ఆమెను ఒక్కసారి తలుచుకోండి. పేరు అవసరం లేదు. చేపలమ్మ అంటే చాలు, ఆయనకు తెలుస్తుంది.